ఉప్పు వేయని ఆకుపచ్చ

"చెల్లె, ఉప్పు మాత్రం వెయ్యకు," అన్నది ఆపా.

"దేంట్ల ఆపా?" అన్నాను.

"దేంట్లనో నీకు తెల్వదా," అని కళ్లు మూసుకుని, మూతి ఒక పక్కకు తిప్పి నవ్వింది.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. మంచం పక్కన జావగిన్నె పట్టుకుని నిలబడ్డ ఆపా సొంత చెల్లెలు అది జావ సంగతి అనుకుంది. "వెయ్యలేదు ఆపా, డాక్టర్ వద్దన్నడు గద," అన్నది పాపం. ఆపా నవ్వు ఇంకొంచెం సాగింది. మరునాడు పొద్దున్నే పోయింది. నాకు ముఖం చూపించారు. మూతి ఇంకా ఆ పక్కకే ఉన్నట్టు అనిపించింది.

ఆ ఉప్పు సంగతి ఏమిటో లోకంలో ఇద్దరికే తెలుసు. ఇప్పుడు ఒక్కదానికే. నేను కూడా పోతే ఎవరికీ తెలియకుండా పోతుందని కోడలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు, అది కూడా ఒత్తు దగ్గర వంకర పోతుంది. ఫోన్లో మాట్లాడితే అదే రాసుకుంటుందని కోడలు మొదట ఫోను నా నోటి దగ్గర పెట్టింది. నేను చెప్పింది ఒకటి, అది రాసింది ఒకటి. చదివి కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. అందుకే కాగితం, పెన్ను. నా మాటను పుస్తకం మాట చేసి రాస్తానంటోంది. రాయనీ. ఆపా మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. ముట్టుకుంటే ముల్లు గుచ్చుకుంటుంది.

మాది కొత్తవాడ. మా ఆయన మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు, నేను నూలుకు రంగులు వేసేదాన్ని. ఆయన పోయాక మగ్గం పోయింది గానీ రంగు డబ్బాలు నాలుగు అటక మీద ఉండిపోయాయి. వాటి సంగతి తర్వాత. మా ఇంటి గోడా ఆపా ఇంటి గోడా ఒక్కటే. ఇటు నేను దగ్గితే అటు నుంచి "దవాఖానకు వోరాదే" అని వినిపించేది. గల్లీ మొత్తానికి ఆమె ఆపానే, అంటే అక్కే, ఆమెకంటే వయసులో పెద్దవాళ్లకు కూడా. పేరు నేనెన్నడూ నోటితో అనలేదు, ఇప్పుడు రాయించను.

ఆపా ఇంట్లో ఒక చెట్టు ఉండేది. చెట్టంటే చెట్టు కాదు. మూరెడు ఎత్తు కుండీ మొక్క. ఆకులు ఆకుల్లా ఉండవు, పచ్చటి పొగలా ఉంటాయి. సన్నటి సూదులన్నీ కలిసి ఈకల్లా విచ్చుకుని, ఒకదాని మీద ఒకటి పరుచుకుని, మనిషి పక్కన నడిస్తే చాలు వణుకుతాయి. పెళ్లి మండపాల్లో గులాబీల వెనక గుచ్చుతారే, అదే జాతి. నర్సరీ అతను ఆస్పరాగస్ అని చెప్పాడట. ఆపాకు ఆ పేరు నచ్చలేదు. "అదేం పేరే, మందుబిళ్ల లెక్క," అని బేగం అని పెట్టుకుంది.

దాన్ని కొన్నది ఆపా భర్త. ఆయనది బజారులో తాళాలు, గొళ్లేలు, బకెట్లు అమ్మే దుకాణం. ఇంటికి ఏది తెచ్చినా దేనికో ఒకదానికి పనికొచ్చేదే. మడికొండ రోడ్డులో ఏదో పనిమీద పోయి వస్తూ, ఏమనిపించిందో, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఈ కుండీ తెచ్చాడు. ఆ వానాకాలమే పోయాడు. "నలబై ఏండ్లల మా ఆయన కొన్న ఒకే ఒక్క పనికిరాని వస్తువు," అని ఆపా వచ్చినవాళ్లందరికీ చూపించేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు నగ చూపించే గొంతులా ఉండేది.

మనుషులతో ఆపా మర్యాద అంతంతే. నన్ను చూస్తే "ఏందే, బతికే ఉన్నవా," అనేది. బేగంతో మాత్రం మీరు, తమరు. "తమరికి దూపయితాందా? జర ఆగున్రి," అనేది. చిటికెన వేలు కణుపు దాకా మట్టిలో దించి, తీసి, బొటనవేలితో రాసి చూసి, దాహం అయిందో లేదో తేల్చేది. నేను పప్పు ఉడికిందో లేదో చూసినట్టు. తను వేడినీళ్లతో స్నానం చేశాక ఆవిరి చల్లారకముందే కుండీని స్నానాలగదిలో పెట్టి తలుపు వేసేది. అప్పుడు ఎవరైనా చుట్టాలు చేతులు కడుక్కోవాలన్నా ఆగాల్సిందే. "బేగం హమాంల ఉన్నది," అనేది గంభీరంగా. వారానికోసారి కుండీని పావువంతు తిప్పేది. కిటికీ దిక్కే చూస్తే మెడ పట్టుకుంటుందట.

ఇవన్నీ సరే, ఫ్యాను సంగతి చెప్పాలి. బేగంకు ఫ్యాను పడదు. గాలికి ఆకు ఎండి రాలుతుంది. మే నెలలో మన ఊరి ఎండ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. ఆ ముందుగదిలో కూర్చుంటే అన్నం ఉడికినట్టు మనిషి ఉడుకుతాడు. ఒకసారి ఓట్ల కోసం ఒక పెద్దమనిషి నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. ఆపా కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది, ఫ్యాను బంద్ చేసింది. ఆయన చొక్కా వీపుకు అంటుకుంది. ఏదో ఒకటి మెచ్చుకోవాలి కాబట్టి, "చెట్టు మంచిగున్నది అమ్మా," అన్నాడు.

"ముట్టుకో బిడ్డా. దూది లెక్కుంటది," అన్నది ఆపా.

ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆ పొగలాంటి ఆకుల కింద కాడకు ముళ్లుంటాయి, కంటికి కనపడనివి, పిల్లి గోళ్లలా కిందికి వంగినవి. పెద్దమనిషి చేయి పెట్టాడు, "అబ్బ" అని తీసేసుకున్నాడు.

"ఏం గాలే. బేగం సలాం చెప్పింది," అన్నది ఆపా. "ఓటు సంగతి మల్ల చెప్తదట."

నాకు కూడా మొదటి రోజు అట్లాగే సలాం చెప్పించింది. ఆ వేలు నోట్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఎందుకో మరునాడు మళ్లీ పోయాను. మా ఆయన పోయిన ఏడాది అది. అందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్న రోజులు. ఆపా ఒక్కతే గొంతు తగ్గించలేదు.

బేగంకు నీళ్లు చల్లడానికి చెంబు గాదు, పన్నీరు బుడ్డి వాడేది. పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర చుట్టాల మీద చల్లుతారే, సన్నటి మెడ, పైన చిల్లుల మూత, అది. ఆమె పెళ్లినాటిదట. అందులో మంచినీళ్లు పోసి పొద్దున్నే బేగం మీద చిలకరించేది. ముత్యాల్లా నిలిచేవి సూదుల మీద.

మా గల్లీలో ఒక పెళ్లి అయింది. ఫంక్షన్ హాలు గుమ్మంలో ఇద్దరు ఆడపిల్లలు పన్నీరు చల్లుతున్నారు. నా ముందు మనిషి మీద చల్లారు, నా వెనక మనిషి మీద చల్లారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చేయి ఆగింది. తప్పు ఆ పిల్లది కాదు, పక్కనున్న పెద్దామె కళ్లతో చెప్పింది. నేను చూడనట్టే లోపలికి పోయి, భోజనం చేసి, వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆపా ఆ పెళ్లిలో ఎక్కడో వెనక కూర్చుని ఉందట, నేను చూడలేదు.

మరునాడు పొద్దున గోడ అవతల నుంచి కేక. "చెల్లె, జర రా. కుండీ జరపాలె."

పోయాను. కుండీ మీద వంగాను. చల్లగా నా ముఖం మీద, జుట్టు మీద, మెడ మీద నీళ్లు పడ్డాయి. తలెత్తితే ఆపా బుడ్డి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది ఆపా ఇది?"

"బేగంకు చల్లంగ రెండు చుక్కలు మిగిలినయి. పారవోసుడెందుకని."

"ఎవ్వలన్న చూస్తే ఏమనుకుంటరు?"

"చూడమను. వాళ్లకు గూడ చల్లుత. బుడ్డి నిండుగున్నది."

అప్పటి నుంచి అదే లెక్క. ప్రతి పొద్దున బేగం మీద చల్లడం, చివరి రెండు చుక్కలు నా మీద. నేను ముఖం తిప్పితే చెవిలో పడేవి. తిట్టుకుంటూ తుడుచుకునేదాన్ని. ఒక్క రోజు కూడా పోకుండా ఉండలేదు. కోడలా, ఈ ముక్క ఎక్కువ అందంగా రాయకు. తిట్టానని కూడా రాయి.

ఇక ఉప్పు దగ్గరికి వస్తాను.

ఆపా కళ్లకు శుక్లాలు వచ్చాయి. చివరికి బేగం ఆకులు చేత్తో తడిమి చూసే దాకా వచ్చింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు. నెల రోజులు దుమ్ము, పొగ, తడి తగలొద్దన్నారు. పరకాలలో చెల్లెలి ఇంటికి పోతూ కుండీని నా చేతుల్లో పెట్టింది. "బేగంకు ఏమన్న అయితే మల్ల నా గడప తొక్కకు," అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు నవ్వు రాలేదు. ఆ గడప కాక నేను తొక్కగలిగే గడప గల్లీలో ఏదుంది?

నేను రంగుల మనిషిని. నా లెక్కలో ప్రాణమున్న దేనికైనా ఎండ మంచిది, నీళ్లు ఎక్కువైతే ఇంకా మంచిది. ఆపా చీకటి గదిలో పెట్టి దాన్ని బక్కచిక్కించిందనుకున్నాను. మేడ మీద, ఇదివరకు నూలు ఆరబెట్టే చోట, మంచి ఎండలో పెట్టాను. పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు నీళ్లు పోశాను. నాలుగో రోజుకు కొనలు తెల్లబడ్డాయి. వారానికి బేగం మొత్తం గడ్డిరంగుకు తిరిగింది. ముట్టుకుంటే సూదులు వేయించిన సేమ్యాలా రాలుతున్నాయి. భయమేసి నీడకు తెచ్చాను, నీళ్లు ఆపాను. రెండు వారాలు చూసినా పచ్చదనం తిరిగి రాలేదు. ఆపా వచ్చేది ఇంకో వారంలో.

అప్పుడు అటక మీది డబ్బాలు గుర్తొచ్చాయి.

ఇరవై ఏళ్లు తెల్లటి నూలును పచ్చగా, ఎర్రగా చేసిన చేతులు ఇవి. ఈ గడ్డిరంగు ఎంత? కోడలు ఆఫీసుకు పోయిన మధ్యాహ్నం బానలో ఆకుపచ్చ కలిపాను. నూలుకైతే నీళ్లు మరగాలి, గుప్పెడు ఉప్పు పడాలి. ఉప్పు పడితేనే రంగు దారాన్ని పట్టుకుంటుంది, లేకపోతే ఎన్నాళ్లైనా చేతికి అంటుతూనే ఉంటుంది. ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆకుల మీది నీరు కారి మట్టిలోకి దిగుతుంది. ఉప్పు దిగితే వేరు చస్తుంది. వేరులో ఇంకా ఏమైనా ప్రాణం ఉందేమో నాకేం తెలుసు? ఉప్పు వేస్తే నేను దొరకను, బేగం దొరకదు. వేయకపోతే బేగం బతకొచ్చు, నేను దొరుకుతాను. డబ్బా మూత పెట్టేశాను. నీళ్లు కూడా మరిగించలేదు.

కుండీ మట్టి మీద పాలిథిన్ కవరు కట్టి, తలకిందులు చేసి, నూలు ముంచినట్టు కాడల మొదలు దాకా ముంచి తీశాను. మేడ మీద నీడలో ఆరబెట్టాను. పచ్చటి చుక్కలు గాలికి ఎగిరాయి.

కోడలా, రాయడం ఆపకు. అవును, ఆ రోజు పక్క తీగ మీద ఆరేసిన నీ తెల్ల దుప్పటి. నీ కొత్త ఆకుపచ్చ చీర రంగు పోయి దానికంటిందని చీరల దుకాణం దాకా పోయి కొట్లాడి, వేరే చీర తెచ్చుకున్నావు చూడు. ఆ దుకాణం అతను ఒట్టేసి చెప్పాడు కదా తన చీర రంగు పోదని. నిజమే చెప్పాడు. అట్లా చూడకు. రాయి.

దూరం నుంచి బేగం బ్రహ్మాండంగా ఉంది. దగ్గర నుంచి చూస్తే జంపఖానా అంచులా ఉంది. పర్వాలేదు, ఆపాకు కళ్లు కనపడవు కదా అనుకున్నాను. ఆపరేషన్ చేయించుకుని వచ్చే మనిషికి కళ్లు కనపడతాయన్న సంగతి నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. అన్నేళ్లుగా తడుముకునే మనిషిని చూసి చూసి, ఆమె ఎప్పటికీ తడుముకుంటూనే ఉంటుందనుకున్నాను.

ఆపా నల్లద్దాలతో ఆటో దిగింది. ముందుగదిలోకి వచ్చి అద్దాలు తీసి మొదట నన్నే చూసింది.

"ఏందే చెల్లె, గింత ముసలిదానివైనవా? నా కండ్లల్ల మంచిగనే ఉంటివి గద."

ఆమెకు కళ్లొచ్చాయన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. ఆపా బేగం దగ్గరకు పోయింది. వంగింది. ఒక ఈకను రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా జార్చింది. వేళ్లు చూసుకుంది. పచ్చగా ఉన్నాయి. నా వైపు తిరిగి, నా కొంగు అందుకుని, ఏమీ ఎరగనట్టు దానికి తుడుచుకుంది.

"మంచిగ వెంచినవే. నా చేతిల ఎన్నడు గింత పచ్చగ లేదు," అన్నది.

ఇక మొదలైంది. మరునాడు పోయేసరికి కుండీ కింద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. "ఎందుకాపా?" అంటే, "ఆకులు రాల్తయి గద," అన్నది. నా ముందే పన్నీరు బుడ్డి తీసుకుని చల్లింది. పచ్చటి చుక్కలు గుడ్డ మీద టపటపా పడ్డాయి. ఇద్దరం చూశాం. ఇద్దరం చాయ్ తాగాం. మూడో రోజు గల్లీలో నలుగురు ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టింది.

"మా చెల్లె చేతిల ఏదో మాయున్నది. బేగంను సూడున్రి. ఏమేసినవే, చెప్పు వీళ్లకు."

"బియ్యం కడిగిన నీళ్లు," అన్నాను, నేల చూస్తూ.

"ఒట్టి బియ్యమేనా?"

"ఒట్టి బియ్యమే ఆపా."

వారం రోజులు గల్లీలో ప్రతి తులసికోటలోనూ, ప్రతి గులాబీ కుండీలోనూ బియ్యం నీళ్లే. నాకు మాత్రం తిన్న బియ్యం ఒంటికి పట్టలేదు. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. "ఆపా, ఒక ముచ్చట," అనగానే, "చాయ్ తాగినంక," అనేది. చాయ్ అయ్యాక మళ్లీ నోరు తెరిస్తే సరిగ్గా నోట్లోకే రెండు చుక్కలు చల్లేది. గడప తొక్కకు అన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ఎక్కువ భయం. ఏ రోజు ఎత్తుతుందో అని కాళ్లు గుమ్మం దగ్గర ఆగి, ఆగి, లోపలికి పడేవి.

ఒక పొద్దున పోతే ఆపా చేతిలో కత్తెర ఉంది. "పట్టు, కుండీ గట్టిగ పట్టు," అన్నది. నేను పట్టుకున్నాను. ఒక్కొక్క కాడనూ మట్టి దగ్గరికి కత్తిరించేసింది. నా ఇరవై ఏళ్ల రంగుల పని పిడికెడు చెత్తయి గుడ్డ మీద పడింది. కుండీలో ఉత్త మట్టి మిగిలింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎందుకేడుస్తానవే? ఎంటికలు దీస్తే మనిషి సచ్చిపోతదా? హజామత్ అయింది బేగంకు, గంతే."

ఒక పక్క మట్టి గీకి చూపించింది. వేర్ల దగ్గర తెల్లటి చిన్న గడ్డలు, చంటిపిల్ల వేళ్లలా గుత్తిగా ఉన్నాయి. "సూసినవా? నీళ్లన్ని కింద దాసిపెట్టుకున్నది. పైన ఎండినా ఫికర్ లేదు." తర్వాత చిటికెన వేలు మట్టిలో దించింది. ఎప్పటిలా బొటనవేలితో రాయలేదు. నాలుకకు అంటించుకుంది. కాసేపు నోట్లో తిప్పుకుని చప్పరించింది.

"బతుకుతది," అన్నది.

ఆపాకున్న వంద పిచ్చుల్లో అదొకటి అనుకున్నాను. మట్టి తినే ముసలామె అని లోపల నవ్వుకున్నాను కూడా. ఎనిమిది వారాలకు మట్టిలోంచి పచ్చటి సూది ఒకటి లేచింది. దాన్ని ముట్టుకుని, వేలు నాకు చూపించింది ఆపా. వేలికి ఏమీ అంటలేదు.

తర్వాత ఆరేళ్లు గడిచాయి. ఆపాకు తెలుసని నాకు అనుమానం. నాకు అనుమానమని ఆపాకు తెలుసు. ఆ మాట ఎన్నడూ మా మధ్యకు రాలేదు. కొత్తవాడలో యాభై ఏళ్లు రంగు బానల మధ్య బతికిన మనిషి. రంగు చేతికి ఎందుకంటుతుందో ఆమెకు ఒకరు చెప్పాలా? మట్టి నోట్లో పెట్టుకుని ఆ రోజు ఏం వెతికిందో, "ఉప్పు మాత్రం వెయ్యకు" అని మూతి తిప్పి నవ్వేదాకా నాకు తెలియలేదు. ఆరేళ్ల కిందటే ఆ ఒక్క చప్పరింపుతో, ఉప్పు తగల్లేదని, నా కేసు కొట్టేసింది. చెప్పలేదు అంతే. చెబితే నన్ను ఆడించడానికి ఏం మిగులుతుంది?

వాళ్ల చెల్లెలు బట్టల పెట్టె, గిన్నెలు పరకాలకు తీసుకుపోయింది. కుండీ, పన్నీరు బుడ్డి నాకిచ్చింది. "మీకే ఇయ్యమన్నది. జావ గురించి గూడ మీకేదో చెప్పింది గద," అన్నది. అవునన్నాను.

బేగం ఇప్పుడు మా ఇంట్లో, మగ్గం ఉండిన చోట, కిటికీకి ఇవతల నీడలో ఉంది. నిన్న చిటికెన వేలు దించి చూశాను. ఇంకా దూప కాలేదు. ఒక కొన కొంచెం పసుపుపచ్చగా ఉంది, దాన్ని చూసి భయపడ్డాను. అటక వైపు మాత్రం చూడలేదు. కత్తెర తెచ్చి పక్కన పెట్టుకున్నాను. కోడలు చెమటలు తుడుచుకుంటూ రాస్తోంది, ఫ్యాను బంద్ చేశాను కాబట్టి. మూడుసార్లు స్విచ్చి వైపు చూసింది. నేను బేగం వైపు చూపించాను.

ఒక్కటే తేలడం లేదు. పొద్దున బేగం మీద చల్లాక బుడ్డి అడుగున రెండు చుక్కలు మిగులుతున్నాయి. పారబోయడానికి చేతులు రావడం లేదు. నా మీద నేనే చల్లుకుంటే అది స్నానమవుతుంది. మూడు రోజులుగా ఆ చుక్కలు బుడ్డిలోనే ఉన్నాయి.

ఏందే, రాసుడు ఆపి ఆ బుడ్డి ఎందుకందుకుంటానవ్? దుప్పటి కోపం దీర్చుకుంటానవా? రెండు చుక్కలు నా చెవులనే పడ్డయి, మూతి పక్కకు తిప్పకు. కాగితం తడిస్తే అచ్చరాలు పోతయి, దానికి గూడ ఉప్పెయ్యలేదు మనం. తుడువు. ఇగ మొదటికెల్లి సదువు, ఉప్పు కాడికెల్లి. జర గట్టిగ సదువు, గోడ అవతలికి ఇనవడాలె.